చేతితో చేసే శుభాకాంక్షల కార్డులు, పండుగ అలంకారాలు: మీ ప్రశ్నలకు సమాధానాలు

క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి వరుసగా వచ్చే రోజులు కావడంతో, ఇంట్లోనే గ్రీటింగ్ కార్డులు, చిన్న చిన్న అలంకరణ వస్తువులు చేసుకోవడం గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. వాటిలో ఏ బొమ్మ వేయాలి, ఏ రంగు బాగుంటుంది అని అడిగినవి తక్కువ. మడత ఎందుకు పగిలింది, కాగితం ఎందుకు ముడత పడింది, పువ్వు ఎందుకు నల్లబడింది అని అడిగినవారే ఎక్కువమంది. నాకు ఇది నిజంగా సంతోషం కలిగించింది. బొమ్మ ఎంత సాదాగా ఉన్నా, మడత తిన్నగా, అంటింపు శుభ్రంగా ఉన్న కార్డును అందుకున్నవారు ఏళ్ల తరబడి దాచుకుంటారు. అందువల్ల కాగితం, జిగురు, పువ్వు, దారం వంటి వాటి స్వభావానికి సంబంధించిన ప్రశ్నలకే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మందపాటి ఎ4 అట్టలను సగానికి మడిచి కార్డులు చేస్తున్నాను. మడత దగ్గర పైపొర పగిలి, లోపలి తెల్లని నూగు బయటకు కనిపిస్తోంది. కొన్ని కార్డులు నిలబెడితే మెలి తిరిగినట్టు ఒక పక్కకు ఒరుగుతున్నాయి. లోపం నా చేతిలో ఉందా, కాగితంలో ఉందా?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: లోపం మీ చేతిలోనూ లేదమ్మా, కాగితంలోనూ లేదు. మీరు మడిచిన వైపుకు, కాగితం వంగదలచిన వైపుకు పొత్తు కుదరలేదు, అంతే. మిల్లులో కాగితపు గుజ్జును నీళ్లతో బాగా పలచన చేసి, ముందుకు కదులుతూ ఉండే జల్లెడ మీదికి వదులుతారు. గుజ్జులోని నారపోగుల్లో ఎక్కువ భాగం ఆ కదలిక దిశలోనే సాగి పరుచుకుంటాయి. అందుకే మిల్లు కాగితం ప్రతిదానికీ ఒక నార వాటం ఉంటుంది. దినపత్రికను పైనుంచి కిందికి చింపి చూడండి, తిన్నగా చిరుగుతుంది. అదే పత్రికను అడ్డంగా చింపితే వంకరటింకరగా పోతుంది. వాటం వెంట మడిచినప్పుడు మడత పోగుల నడుమనుంచి సాగుతుంది కనుక కాగితం సులువుగా వంగుతుంది. అడ్డంగా మడిచినప్పుడు పోగులే విరగవలసి వస్తుంది కనుక పైపొర పగులుతుంది.

దుకాణంలో దొరికే ఎ4 అట్టల్లో చాలావాటికి నార వాటం పొడవు వెంట ఉంటుంది. మీరు దానిని అలాగే సగానికి మడిచినప్పుడు మడత వాటానికి అడ్డంగా పడుతోంది. దీనికి సులువైన మార్గం ఉంది. 297 మిల్లీమీటర్ల పొడవు, 210 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఆ అట్టను ముందుగా పొడవులో సగానికి కోసి, రెండు ముక్కలు చేయండి. ఆ తరువాత ఒక్కొక్క ముక్కను సగానికి మడవండి. ఇప్పుడు మడత వాటం వెంటే పడుతుంది. సుమారు 105, 148 మిల్లీమీటర్ల కొలతలతో రెండు చక్కని చిన్న కార్డులు వస్తాయి. కొయ్యకముందు అట్టను రెండు చేతులతో పట్టుకుని, మడవకుండా, అటు ఒకసారి ఇటు ఒకసారి మెల్లగా వంచి చూడండి. ఏ వైపు తక్కువ బలంతో వంగుతుందో ఆ మడత గీత వెంటే నార సాగి ఉన్నదని అర్థం.

మడవడానికి ముందు గీత నొక్కడం మరువవద్దు. సిరా పూర్తిగా అయిపోయిన బాల్‌పెన్నును స్టీలు స్కేలు అంచున ఆనించి, ఒకే ఒత్తిడితో ఒక్కసారి లాగండి. గీత పడినవైపు కార్డుకు బయటివైపుగా, వెనక ఉబ్బిన గీత లోపలివైపుగా వచ్చేటట్టు మడిస్తే పైపొర మీద లాగుడు తగ్గుతుంది. చాలామంది దీనిని తిరగేసి చేస్తారు. పలచని కాగితం మీద తేడా తెలియదు కాని, మందపాటి అట్ట మీద స్పష్టంగా తెలుస్తుంది. ఇక మందం సంగతి: జిరాక్సు కాగితం 70 నుంచి 80 జీఎస్ఎం (ఒక చదరపు మీటరు కాగితం తూగే గ్రాముల లెక్క) ఉంటుంది; కార్డుకు 200 నుంచి 250 జీఎస్ఎం చాలు. 300 దాటిన అట్ట చేతికి గొప్పగా అనిపిస్తుంది కాని, ఇంట్లో కత్తెరతో దాని అంచు శుభ్రంగా తెగదు.

ప్రశ్న: రంగు కాగితాలు కత్తిరించి ఫెవికాల్‌తో కార్డు మీద అంటిస్తే, ఆరిన తరువాత ముడతలు పడి కార్డు విల్లులా వంగిపోతోంది. మా అమ్మమ్మ మైదా జిగురు వాడమంటున్నారు. అది పురుగులు పట్టదా?
– డిగ్రీ విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: ముడతకు కారణం జిగురులోని తేమ. తడి తగలగానే నారపోగులు లావెక్కుతాయి, కాగితం అడ్డంగా సాగుతుంది; ఆరేటప్పుడు మళ్లీ ముడుచుకుంటుంది. సాగిన ముక్కను సాగని అట్ట మీద అంటించినందువల్ల, ఆరేటప్పుడు ఆ ముక్క అట్టను తనవైపు లాగుతుంది. జిగురు మారిస్తే సగం పనే అవుతుంది. తేమ తగ్గించడం, బరువు కింద ఆరబెట్టడం అనే రెండూ చేస్తేనే పని పూర్తవుతుంది. అంటించే ముక్క వెనక జిగురును బొట్లుబొట్లుగా వేయకుండా, పాత విజిటింగ్ కార్డు అంచుతో పలచగా, అంచుల దాకా లాగండి. ఒక నిమిషం ఆగి, తడి మెరుపు తగ్గాక అంటించండి. వెంటనే పైన, కింద తెల్లకాగితం వేసి, నాలుగైదు లావుపాటి పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. ఫ్యాను గాలికి ఆరబెట్టడమే చాలామంది చేసే పొరపాటు; గాలికి ఒకవైపే ఆరి, కార్డు వంగుతుంది.

అమ్మమ్మగారు చెప్పినది మంచి మాట. ఒక చెంచా మైదాను అయిదు చెంచాల చన్నీళ్లలో ఉండ లేకుండా కలిపి, సన్నని సెగ మీద గరిటె ఆపకుండా తిప్పుతూ ఉండండి. తెల్లగా ఉన్న పిండి నీళ్లు చిక్కబడి, గాజురంగుకు తిరిగి, గరిటెనుంచి తాడులా జారినప్పుడు దించండి. పూర్తిగా చల్లారిన తరువాతే వాడాలి. అంటించిన ముక్కను కాసేపటిదాకా జరుపుకోవడానికి వీలుండటం ఈ జిగురులోని గొప్ప సుగుణం. ఫెవికాల్ అంత వ్యవధి ఇవ్వదు. అయితే ఇది బయట ఒకరోజు, ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు మించి నిలవదు. పురుగు పట్టకుండా పాతకాలపు బైండింగు పనివారు ఇందులో మైలతుత్తం కలిపేవారు. అది విషపదార్థం. పిల్లలు తిరిగే ఇంట్లో, వంటపాత్రలతో చేసే పనిలో దానిని దగ్గరకు రానివ్వకండి. పలచగా రాసి, పూర్తిగా ఆరనిచ్చి, పొడిచోట దాచిన కార్డుకు పురుగు భయం తక్కువే.

కవరు మూతకు మాత్రం మైదా కంటే తుమ్మ బంక మేలు. నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పలచని గుడ్డలో వడకట్టి, మూత అంచున రాసి ఆరనివ్వండి. కార్డు లోపల పెట్టిన రోజున కొద్దిగా తడి చేస్తే మళ్లీ అంటుకుంటుంది.

ప్రశ్న: బతుకమ్మకు తెచ్చిన పూలలో కొన్నింటిని పుస్తకంలో పెట్టి, సంక్రాంతి కార్డులకు వాడుదామనుకున్నాను. తంగేడు కొంత బాగానే ఉంది, మందారం నల్లబడి పుటకు అతుక్కుపోయింది, బంతి బూజు పట్టింది. ఏ పూలు నిలుస్తాయో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: నీరు తక్కువగా, రేకు పలచగా ఉన్న పువ్వే నిలుస్తుంది. ఆ లెక్కన మన పెరళ్లలో అన్నిటికంటే ముందు చెప్పుకోవలసినది కాగితం పువ్వు, అంటే బోగన్‌విల్లియా. దాని రంగురేకులు మొక్క మీదే కాగితంలా ఉంటాయి. ఎండాక కూడా ఆకారం చెడదు. గునుగు కూడా అటువంటిదే. అయితే గునుగు కంకి గుండ్రంగా ఉంటుంది కనుక, దానిని నిలువుగా చీల్చి సగం మాత్రమే అదమండి. తంగేడును గుత్తిగా పెట్టకుండా, విడిపూలుగా తీసి, రేకులు విప్పి పెడితే పసుపు ఇంకా బాగా నిలుస్తుంది. కనకాంబరం పలచనిది, సులువుగా ఆరుతుంది. బంతి, చామంతులను మొత్తంగా అదమడం కుదరదు. మధ్య భాగంలోని తడి బయటకు పోదు, అక్కడే బూజు పుడుతుంది. రేకులు విడదీసి ఆరబెట్టి, కార్డు మీద మళ్లీ పువ్వుగా పేర్చుకోవాలి. మందారం రేకులో జిగురుంటుంది కనుక దానిని వదిలేయండి.

పూలకంటే ఆకులు ఇంకా నమ్మకమైనవి. చింతాకు రెమ్మ, వేప రెమ్మ, ఫెర్ను ఆకు, పచ్చగడ్డి కంకులు కార్డు మీద ఎంత నాజూకుగా ఉంటాయో చేసి చూస్తేనే తెలుస్తుంది. చింతాకు రెమ్మను మాత్రం కోసిన వెంటనే అదమాలి. కాసేపు ఆగితే ఆకులు ముడుచుకుంటాయి, ఆ తరువాత విప్పడం ఎవరివల్లా కాదు.

పుస్తకం పుటల మధ్య నేరుగా పెట్టకండి. దినపత్రిక కాగితాల నడుమ పెట్టి, పైన బరువు ఉంచి, మొదటి నాలుగు రోజులు రోజూ కాగితాలు మార్చండి. తడిని పీల్చుకున్న కాగితాన్ని అక్కడే వదిలేయడం వల్లనే బూజు వస్తుంది. పది పన్నెండు రోజుల్లో పువ్వు చేతికి చల్లగా తగలడం మానేస్తుంది. అప్పుడు ఆరినట్టు లెక్క. అంటించేటప్పుడు పువ్వుకు జిగురు పూయవద్దు. అగ్గిపుల్ల కొనతో కార్డు మీదే రెండు మూడు చుక్కలు పెట్టి, పువ్వును చిమటాతో దించండి. ఎండలో పెట్టిన కార్డు ఏ పువ్వుదైనా వెలుస్తుంది కనుక, అందుకున్నవారు దానిని కిటికీ దగ్గర పెట్టకుండా ఉంటే మంచిదని వెనక చిన్న అక్షరాలతో రాయవచ్చు.

ప్రశ్న: మా ఇంట్లో పాత పెళ్లి శుభలేఖలు పెట్టెనిండా ఉన్నాయి. మంచి దళసరి కాగితం, బంగారు అంచులు. పారేయడానికి మనసు రావడం లేదు. వాటిని కత్తిరించి కార్డులు చేయాలనుకుంటే, దేవుడి బొమ్మలు ఉన్నాయని మా ఇంటివారు అభ్యంతరం చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– విశ్రాంత ఉద్యోగిని, తెనాలి

జవాబు: మీ ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. దేవుడి బొమ్మను కత్తెరతో మధ్యకు కోయడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. అందుకని ముందుగా శుభలేఖలన్నీ ముందేసుకుని, బొమ్మ ఉన్న భాగాన్ని చుట్టూ కొంత చోటు వదిలి, బొమ్మకు కత్తెర తగలకుండా విడిగా తీయండి. ఆ బొమ్మలను కొత్త శుభకార్యాల కార్డులకు ముఖచిత్రంగా వాడుకోవచ్చు; వినాయకుడి బొమ్మ గృహప్రవేశానికి, అక్షరాభ్యాసానికి చక్కగా సరిపోతుంది. వాడనివి పూజగదిలో ఒక కవరులో ఉంచండి. ఇలా చేస్తే మీ ఇంటివారికి కూడా తృప్తిగా ఉంటుంది.

మిగిలిన కాగితం నిజంగా విలువైనది. లోపలి పుటల్లో అచ్చులేని వెనకవైపు రాతకు పనికివస్తుంది. బంగారు రేకు అచ్చుతో ఉన్న అంచులను సన్నని పట్టీలుగా కోస్తే, సాదా తెల్లకార్డుకు అడుగున ఒక్క పట్టీ చాలు. రెండు మూడు శుభలేఖల అంచులను ఒకే కార్డు మీదికి తేవద్దు. అప్పుడది పాత సామానుతో చేసినట్టు తెలిసిపోతుంది. నాలుగు మూలల్లో పసుపు రాసిన శుభలేఖలైతే ఆ మూలలు కోసేయండి, పసుపు మరక పక్క కాగితానికి అంటుకుంటుంది. ఇంకొక మాట: వధూవరుల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు ఉన్న భాగాలను కొత్త కార్డులోకి రానివ్వకండి. మెరుపుపూత ఉన్న నున్నని కాగితం మీద మైదా జిగురు పట్టదు. అంటించే చోట మెరుపును గరుకు కాగితంతో కాస్త గీరి, ఫెవికాల్ వాడండి.

ప్రశ్న: మా ప్రాథమిక పాఠశాలలో నలభై మంది పిల్లలు. ఒక్కొక్కరి చేత ఒక కార్డు చేయించి, సంక్రాంతి సెలవులకు ముందు ఇంటికి పంపాలని కోరిక. రంగులు కొనడానికి డబ్బు లేదు. వంటింటి వస్తువులతో ఏదైనా చేయించవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: తప్పకుండా చేయించవచ్చు మాస్టారూ. పైగా పిల్లలు ఆ రోజును మరిచిపోరు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని, పారాణి అలాగే తయారవుతుందని వారిలో చాలామంది ఇంట్లో చూసే ఉంటారు. అదే సంగతిని కాగితం మీదికి తెద్దాం. పసుపు నీళ్లలో సరిగా కరగదు, అడుగున పేరుకుంటుంది. స్పిరిట్ కలిసిన శానిటైజరులో బాగా కరుగుతుంది. ఒక చెంచా పసుపును అయిదారు చెంచాల శానిటైజరులో కలిపి, పది నిమిషాలు కదలకుండా ఉంచి, పైకి తేలిన తేటను దూదితో కార్డు మీద ఒక పూత పూయండి. ఈ పని మీరే చేయండి, గది కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గరలో పొయ్యి, దీపం ఏవీ ఉండకూడదు. కాసేపట్లోనే కార్డులు లేత బంగారు రంగుతో ఆరిపోతాయి.

తరువాత అరగ్లాసు నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలిపి, పిల్లలకు తలా ఒక దూదిపుల్ల ఇవ్వండి. వారు రంగులేని నీళ్లతో గీస్తుండగా కార్డు మీద గీత ఎరుపు తిరుగుతూ కనిపిస్తుంది. గాలిపటం, గొబ్బెమ్మ, హరిదాసు, ఏది గీసినా సరే. తమ పేరు రాసుకున్నా సరే. పిల్లలు ‘ఎందుకిలా అయింది?’ అని అడిగినప్పుడు, నిమ్మరసం చుక్క ఒకటి ఆ ఎర్రగీత మీద వేసి చూపించండి, మళ్లీ పసుపుపచ్చ అవుతుంది. క్షారం, ఆమ్లం అనే పాఠం పై తరగతిలో వచ్చినప్పుడు వారికి ఇది గుర్తుకు వస్తుంది. సున్నపు తేట వాడితే ఎరుపు ఇంకా చిక్కగా వస్తుంది కాని, సున్నం కంట పడితే ప్రమాదం కనుక చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. ఈ రంగు శాశ్వతం కాదు, ఎండకు త్వరగా వెలుస్తుంది. కాబట్టి సెలవులకు ఒకటి రెండు రోజుల ముందు చేయించండి.

సోడా కూడా లేనినాడు బెండకాయ ఉంది. ముదురు బెండకాయను అడ్డంగా కోస్తే తెగిన ముఖం పువ్వులా ఉంటుంది. దానిని గుడ్డతో తడి లేకుండా తుడిచి, సిరా పీల్చిన స్పాంజి మీద అద్ది, కార్డు అంచు వెంట ముద్రలు వేయించండి. తుడవకుండా అద్దితే బెండ జిగట వల్ల ముద్ర మసకబారుతుంది.

ప్రశ్న: కార్డు మీద ముగ్గును దారంతో కుట్టినట్టు ఒకచోట చూశాను. నేను ప్రయత్నిస్తే సూది దింపిన చోటల్లా కాగితం చిరిగింది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సూదితో కుడుతూనే రంధ్రాలు చేసినందువల్ల చిరిగింది. రంధ్రాలన్నీ ముందే గుచ్చి, ఆ తరువాత దారం తీయాలి. 7 చుక్కలు, మధ్య చుక్కలతో 4 వచ్చేవరకు పెట్టే ముగ్గు మన చిన్న కార్డుకు సరిగ్గా సరిపోతుంది. చుక్కకు చుక్కకు ఒక సెంటీమీటరు వదిలితే ముగ్గు వెడల్పు ఆరు సెంటీమీటర్లే అవుతుంది. మొత్తం 37 చుక్కలు. గ్రాఫ్ కాగితం మీద ముగ్గు వేసుకుని, కార్డు మీద క్లిప్పులతో బిగించి, అడుగున మడిచిన తువ్వాలు పరిచి, గుండుసూదిని నిటారుగా దింపండి. గీతల ముగ్గుకు చుక్కల దగ్గర, వాటి నడుమ ఒక్కొక్క రంధ్రం చాలు. మెలికల ముగ్గును మొదటే ఎంచుకోవద్దు. వంపు సరిగా రావాలంటే రంధ్రాలు బాగా దగ్గరగా రావాలి, అలా వస్తే కాగితం చిల్లుల వెంటే ఊడిపోతుంది. రెండు పోగుల ఎంబ్రాయిడరీ దారం చాలు. చివర ముడి వేయకుండా వెనక టేపుతో అంటించండి, ముడి ఉన్నచోట కార్డు ఉబ్బుతుంది. కుట్టు వెనకభాగం కనబడకుండా లోపల తెల్లకాగితం అంటిస్తే అక్కడే సందేశం రాయవచ్చు.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉన్న మా మనవలకు ఉగాదికి మామిడాకు, వేపపువ్వు అంటించిన కార్డు పంపాలని ఉంది. ఇప్పటినుంచే ఆరబెట్టుకోవచ్చా?
– ఒక నాయనమ్మ, అమలాపురం

జవాబు: అమ్మా, మీ ఆలోచన ఎంతో బాగుంది కాని, అసలు ఆకు, అసలు పువ్వు అంటించకండి. ఆస్ట్రేలియాలో మొక్కలకు సంబంధించిన వస్తువుల తనిఖీ చాలా కఠినంగా ఉంటుంది. ఎండిన ఆకులు, పూలు, గింజలు ఉన్న కవరును ఆపేస్తారు, కార్డు పిల్లల చేతికి చేరకపోవచ్చు. బియ్యపు గింజలు, పసుపు కొమ్ము, అక్షింతలు కూడా వద్దు. దానికి బదులు మామిడాకుకే రంగు పూసి కాగితం మీద అచ్చు తీయండి. ఆకు వెనకవైపు ఈనెలు ఉబ్బుగా ఉంటాయి కనుక, ఆ వైపు పోస్టరు రంగును పలచగా పూసి, కార్డు మీద బోర్లించి, పైన కాగితం వేసి అరచేతితో నిమరండి. ఈనెలతో సహా ఆకు అచ్చు దిగుతుంది. ఆకు మీ దగ్గరే ఉంటుంది, దాని రూపం మనవల దగ్గరకు వెళుతుంది. రెండు ఆకులు అచ్చువేసి, నడుమ దారం గీస్తే తోరణం అవుతుంది. వేపపువ్వును సన్నని కుంచెతో తెల్లని చుక్కలుగా పెట్టవచ్చు. విదేశీ టపాకు వ్యవధి ఎక్కువ పడుతుంది, నెలన్నర ముందే పంపండి.

ప్రశ్న: కార్డు చేయడం వచ్చింది కాని లోపల ఏమి రాయాలో తోచడం లేదు. ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ అని రాసి ఆగిపోతున్నాను.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: ఆ ఒక్క మాట అచ్చువేసిన కార్డులోనూ ఉంటుంది. మీరు రాయవలసినది, ఆ మనిషికి మీరు తప్ప మరొకరు రాయలేని సంగతి. మేనత్తగారికి రాస్తుంటే, ఆవిడ చేసే అరిసెల పాకం గురించి ఒక వాక్యం. పాత మిత్రుడికైతే, కలిసి గాలిపటం ఎగరేసిన డాబా గురించి ఒక వాక్యం. నాలుగు పంక్తులు చాలు. పెద్దలకు ‘నమస్కరించి వ్రాయునది’ అని, చిన్నవారికి ‘చిరంజీవి’ అని మొదలుపెట్టే మన పాత ఉత్తరాల పద్ధతి ఎందుకు వదులుకోవాలో నాకు అర్థం కాదు. చేతిరాతతో చదివినప్పుడు ఆ మాటల్లోని ఆప్యాయత ఇప్పటికీ తగ్గలేదు. చివర ఊరు పేరు, తేదీ తప్పక రాయండి. జెల్ పెన్ను సిరా నున్నని అట్ట మీద ఆలస్యంగా ఆరుతుంది కనుక బాల్‌పెన్ను వాడండి.

ప్రశ్న: గ్రీటింగ్ కార్డును మొదట ఎవరు తయారుచేశారు?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, ఒంగోలు

జవాబు: బాబూ, శుభాకాంక్షలు రాసి పంపుకోవడం చాలా పాత అలవాటు. అచ్చువేసి అమ్మిన మొదటి క్రిస్మస్ కార్డు మాత్రం 1843లో లండన్‌లో వచ్చింది. హెన్రీ కోల్ అనే ఆయన కోరగా, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడు బొమ్మ వేశాడు. సుమారు వెయ్యి ప్రతులు అచ్చువేసి, ఒక్కొక్కటి ఒక షిల్లింగుకు అమ్మారు. దానికి మూడేళ్ల ముందే, 1840లో, బ్రిటన్‌లో ఒక పెన్నీకే ఉత్తరం పంపే పద్ధతి మొదలైంది. ఆ పద్ధతి తేవడంలో కోల్ కూడా పనిచేశాడు. టపా చవక కావడం వల్లనే కార్డులు పంపడం అందరికీ అలవాటైంది. నువ్వు ఈసారి ఒక కార్డు చేసి, మీ టీచరుగారికి పోస్టులో పంపి చూడు.

ప్రశ్న: రంజాన్ పండుగకు నెలవంక కత్తిరించిన కార్డు చేయాలనుకుంటున్నాను. వంపు సరిగా రావడం లేదు.
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఒక పెద్ద గాజు, దానికంటే కొంచెం చిన్న గాజు తీసుకోండి. పెద్ద గాజుతో వృత్తం గీసి, చిన్న గాజును దానిలోపల ఒక అంచుకు జరిపి మరొక వృత్తం గీయండి. రెండింటి నడుమ మిగిలినది నెలవంక. సాయంత్రం పడమటి ఆకాశంలో నెలవంక వెలుగు అంచు అస్తమించిన సూర్యుడివైపు, కొమ్ములు పైవైపు తిరిగి ఉంటాయి. కార్డు మీద కూడా అలాగే పెడితే సహజంగా ఉంటుంది. బ్లేడుతో కోసేటప్పుడు బ్లేడును ఒకేచోట ఉంచి, కార్డును తిప్పండి. కోసిన కిటికీ వెనక లేత పసుపు గాలిపటాల కాగితం అంటించండి.

ప్రశ్న: క్రిస్మస్‌కు ఇంటి ముందు కట్టే నక్షత్రాన్ని మా నాన్నగారు వెదురు బద్దలతో చేసేవారు. ఆయన పద్ధతి నేర్చుకోలేకపోయాను. కొలతలతో చెప్పగలరా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: సంతోషంగా చెబుతాను. కొన్న ప్లాస్టిక్ నక్షత్రంలో లేని నిండుతనం వెదురు నక్షత్రంలో ఉంటుంది. 60 సెంటీమీటర్ల పొడవు, వేలి వెడల్పులో సగం ఉన్న బద్దలు పది కావాలి. బుట్టలల్లే మేదరుల దగ్గర అడిగితే చీల్చి ఇస్తారు. బద్ద అంచులు వేళ్లను కోస్తాయి కనుక ముందుగా గరుకు కాగితంతో నున్నగా రుద్దండి.

అయిదు బద్దలను నేల మీద పేర్చి, అయిదు కొనల నక్షత్రంగా అమర్చండి. ప్రతి బద్ద ఒకచోట పైనుంచి, మరొకచోట కిందినుంచి పోయేటట్టు అల్లితే చట్రం తనంతట తానే బిగుస్తుంది. కొనలను దారంతో గట్టిగా కట్టండి. బద్దలు ఒకదానినొకటి దాటే లోపలి అయిదు చోట్లు ప్రతి కొననుంచి సుమారు 23 సెంటీమీటర్ల దూరంలో, ఒకదానికొకటి 14 సెంటీమీటర్ల దూరంలో పడాలి. ఈ కొలత సరిచూసుకున్న తరువాతే అక్కడ ముడి వేయండి, లేకపోతే నక్షత్రం ఒక పక్కకు లాగినట్టు ఉంటుంది. మిగిలిన అయిదు బద్దలతో సరిగ్గా ఇటువంటిదే రెండోది చేయండి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, అయిదు కొనల దగ్గర కలిపి కట్టండి. ఇప్పుడు లోపలి అయిదు చోట్ల, రెండు చట్రాల నడుమ, 12 సెంటీమీటర్ల పుల్లలను ఒక్కొక్కటిగా నిలువుగా ఇరికించి కట్టాలి. పుల్ల లోపలికి దిగుతున్నకొద్దీ బద్దలు విల్లులా వంగి, నక్షత్రం పొట్ట పెంచుకుంటుంది. ఎదురెదురు మూలల్లో ఒకటి తరువాత ఒకటిగా పెట్టుకుంటూ వస్తే ఏ బద్దా విరగదు.

కాగితానికి గాలిపటాల కాగితమే మంచిది. ముందుభాగానికి అయిదు త్రికోణాలు, మధ్యలో ఒక అయిదు భుజాల ముక్క. వెనకకు మళ్లీ అంతే. పక్కలకు పది సన్నని త్రికోణాలు కావాలి. కొలిచి కోయడంకంటే, చట్రాన్నే కాగితం మీద పెట్టి గీసి, చుట్టూ ఒక సెంటీమీటరు వదిలి కోయడం సులువు. ఆ వదిలిన అంచును బద్ద చుట్టూ మడిచి అంటించండి. ఇక్కడ మైదా జిగురు వాడకండి. డిసెంబరు మంచుకు తెల్లవారేసరికి వదులవుతుంది. వెనకభాగంలో ఒక త్రికోణానికి ఒక అంచు అంటించకుండా వదిలితే, బల్బు పెట్టడానికి దారి ఉంటుంది. తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బు మాత్రమే పెట్టండి. కొవ్వొత్తి గాని, వేడెక్కే పాత ఫిలమెంటు బల్బు గాని కాగితానికి నిప్పు. వైరును పై కొన దగ్గర బద్దకు కట్టేయండి, నక్షత్రం బరువు వైరు మీద పడకూడదు.

ప్రశ్న: పోస్టులో పంపిన కార్డులు నలిగి చేరుతున్నాయి. కవరు ఎలా చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మొదటి ప్రశ్నలో చెప్పిన కొలతల కార్డుకు 114, 162 మిల్లీమీటర్ల కవరు సరిపోతుంది. కార్డుకు చుట్టూ అయిదారు మిల్లీమీటర్ల సందు ఉండాలి. బిగువైన కవరులో మూలలు నలుగుతాయి, మరీ వదులైనదానిలో కార్డు జారి అంచులు విరుగుతాయి. కార్డుతో పాటు అదే కొలత గల పలచని అట్ట ఒకటి లోపల పెట్టండి. పూసలు, కుందన్లు, గుండీలు అంటించిన కార్డు మామూలు కవరులో వెళ్లకూడదు; ముద్ర వేసేటప్పుడు దెబ్బ తగిలి, అవి కవరును చీల్చుకుని బయటకు వస్తాయి. అటువంటి కార్డును చేతికి ఇచ్చేవారికే చేయండి. మెరుపు పొడిని మాత్రం ఎవరికీ వాడవద్దని నా మనవి. అది కవరు విప్పినవారి కంట్లోకి, అన్నంలోకి చేరుతుంది, ఎంత ఊడ్చినా ఇల్లు వదలదు. చిరునామాను చేతితోనే, పిన్‌కోడుతో సహా స్పష్టంగా రాసి, టిక్కెట్టు అంటించకముందే పోస్టాఫీసులో తూకం వేయించండి. అట్ట, లోపలి కాగితం, అంటించిన ముక్కలు కలిసి బరువు మీరు అనుకున్నదానికంటే ఎక్కువ ఉంటుంది, టిక్కెట్టు చాలకపోతే ఆ లోటు రుసుము అందుకున్నవారు కట్టవలసి వస్తుంది. పండుగ రద్దీని బట్టి సంక్రాంతి కార్డులను జనవరి మొదటి వారంలోనే డబ్బాలో వేయండి.